వసారా బండలు

పదో బండ కింద ఇసుక ఒక పక్క దిగబడింది. కృపమ్మ మళ్లీ గునపంతో దాన్ని ఎత్తి, మోకాలు ఆనించి, ఇంకో రెండు గుప్పెళ్ల ఇసుక కూరింది. సగం నీళ్లున్న సీసాను బండమీద పడుకోబెట్టి చూసింది. లోపలి బుడగ మధ్యకొచ్చి నిలిచింది. ఇక ఒక్క బండ మిగిలింది.

మూడు రోజులుగా ముసురు. పొన్నూరు దగ్గరి ఆ ఊళ్లో సిమెంటు రోడ్డు పై వీధులతోనే ఆగిపోయింది. కాలువ అసలే లేదు. పై ఇళ్ల స్నానాల నీళ్లు, గంజి, పేడనీళ్లు అన్నీ పల్లానికి దిగి కృపమ్మ దొడ్లో నల్లగా నిలుస్తాయి. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్డి ఆ మడుగుకు అవతల ఉంది. రైసుమిల్లులో బస్తాలు మీదపడి నడుం చెడిన ఆమె భర్త బాలస్వామి కర్ర ఊతంతో అక్కడికి వెళ్లబోయి రెండుసార్లు పడ్డాడు. రెండోసారి, ఆమె నాట్ల నుంచి వచ్చేదాకా అందులోనే పడి ఉన్నాడు. ఆమె నీళ్లు పోసి కడుగుతుంటే గోడవైపు తిరిగిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఎండాకాలంలో పై వీధి చలపతిరావు ఇంటి వసారాలో నాపరాళ్లు పీకించి నున్నటి టైల్స్ వేయించారు. ఆ రాళ్లూరప్పా ఎనిమిది రోజులు మోసింది కృపమ్మే. రోజుకు అరవై రూపాయల కూలికి బదులు పాత బండలు తీసుకోమంది ఆయన భార్య వసుంధర. పగలనివి పదకొండు ఏరుకుని, తోపుడుబండి మీద తెచ్చుకుంది. మేస్త్రీని పిలిస్తే నూటయాభై అడుగుతాడు. మేస్త్రీలకు ఇసుక అందిస్తూ ఇన్నేళ్లు చూసిన పనే కదా అని గుమ్మం నుంచి మరుగుదొడ్డిదాకా తనే దారం కట్టి, మట్టి తవ్వి, ఇసుక పోసి దిమ్మిస కొట్టింది.

చలపతిరావు వచ్చి సిమెంటు రోడ్డు చివరే ఆగాడు. పంచె ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనక ఆయన పాలేరు కోటయ్య గునపంతో నిలబడ్డాడు. కోటయ్యదీ ఈ పేటే.

"ఆ బండలు తీసెయ్, కృపా. మా నాన్నగారి తద్దినానికి విస్తళ్లు వేసిన బండలవి. దొడ్డికి పరుస్తావా? ఇది తెలిసి అమ్మగారు పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

కావాలంటే ఒక ట్రాక్టరు నిండా ఇటుకముక్కలు తోలిస్తానన్నాడు.

మురుగు కృపమ్మకు అలవాటే. ఆయన ముక్కు మూసుకుంటున్న ఆ నీళ్లలో ఆయన ఇంటి గంధపు సబ్బు వాసన కూడా ఉంది. ఆ వసారాను ఇరవయ్యేళ్లు ఆమే కడిగింది. కడిగిన బండమీద తన అడుగు పడకూడదని, వంగి కడుగుతూ వెనక్కి వెనక్కి జరిగి మెట్లు దిగేది. ఆరాక ఎక్కడానికి లేదు.

"తియ్యనండి," అంది.

"ఏంటీ?"

"తియ్యనండి. వసుంధరమ్మగారు నా కూలికిచ్చిన బండలు. మా ఆయన నడవాలి."

పీకమని చలపతిరావు కోటయ్యకు చెప్పాడు. కోటయ్య దిగివచ్చి మొదటి బండ అంచున గునపం ఆనించాడు. పోటు మాత్రం వెయ్యలేదు.

అంతలో బాలస్వామి గుమ్మంలోంచి బయటికొచ్చాడు. ఇంక ఆగలేని అవసరం అతని మొహంలోనే తెలుస్తోంది. ఎవరినీ చూడకుండా కర్ర ఆనించి మొదటి బండ ఎక్కాడు. కోటయ్య గునపం వెనక్కి లాక్కున్నాడు. రెండు, మూడు. తడిబండల మీద కర్ర జారలేదు. పదో బండ చివర ఆగిపోయాడు. ముందు ఒక్క అడుగు మేర మురుగు. కర్ర దించితే జానెడు దిగబడింది.

కృపమ్మ గోడకు ఆనించిన పదకొండో బండ దగ్గరకు వెళ్లి ఒక కొస పట్టుకుంది.

"కోటయ్యన్నా, ఆ కొస పట్టుకో. ఈయన ఎక్కువసేపు నిలబడలేడు."

చలపతిరావు రుమాలు వెనకనుంచి ఏదో గట్టిగా అన్నాడు. గునపం చేతిలోనే ఉంచుకుని కోటయ్య ఒకసారి ఆయనవైపు, ఒకసారి బండవైపు చూశాడు. బాలస్వామి కాళ్లు వణుకుతున్నాయి.