ముందు నన్ను కొట్టండి

మహారాణి పోయిందన్న కబురు బార్బడోస్ రేవులో తెలిసింది. తెలియగానే మా కెప్టెన్ క్రేక్ చేసిన మొదటి పని, మాకు పోసే రమ్ము ఆపెయ్యడం.

"సంతాపంరా," అన్నాడు, టోపీ గుండెకు హత్తుకుని.

రాణికి పిల్లలు మిగల్లేదు. దగ్గరి చుట్టాలు యాభైమందికి పైగా ఉన్నా, పరాయి దేశంలో తలదాచుకున్న రాణి తమ్ముడు జేమ్సుతో సహా అందరూ కాథలిక్కులని తోసేసి, ఎక్కడో హానోవర్ నుంచి జార్జి అనే ఆయన్ని తెచ్చి సింహాసనమెక్కించారట. కొత్త రాజు పేరు చెప్పైనా చుక్క పొయ్యమని తెరచాపలు కుట్టే జెత్రో అడిగాడు.

"కిరీటం పెట్టనీరా, చూద్దాం," అన్నాడు క్రేక్.

ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. నేను ఆ ఓడలో పీపాలు బిగించేవాణ్ణి. నా చేత్తో బిగించిన పీపాను నేనే వాసన చూసి బతకాల్సి వచ్చింది.

అందుకే జమైకా దారిలో సముద్రపు దొంగలు మా ఓడను చుట్టుముట్టినప్పుడు మాలో ఒక్కడికీ ఏడుపు రాలేదు. వాళ్ల దగ్గర రమ్ముకు కొలత లేదు. నాయకుణ్ణి చేతులెత్తి ఎన్నుకుంటారు, నచ్చకపోతే దింపేస్తారు. రాజు కోసం హానోవర్ దాకా పోనక్కర్లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఇష్టపడి దొంగల్లో కలిసినవాడికి ఉరి. కొట్టి లాక్కుపోయారని ఎవరైనా సాక్ష్యం చెబితే ప్రాణం దక్కుతుంది. అందుకని మా సముద్రంలో బుద్ధున్నవాడెవడూ తన కాళ్లతో తాను దొంగల ఓడ ఎక్కడు.

"అన్నా, ముందు నన్ను కొట్టు," అన్నాను దొంగల నాయకుడు రూక్ చెవిలో. "మా కెప్టెన్‌కి కనబడాలి. పళ్లు మాత్రం వదిలెయ్."

రూక్‌కి ఇది కొత్త కాదు. "ఏడవడం వచ్చా నీకు?"

"నువ్వు మొదలెట్టు, నీకే తెలుస్తుంది."

చెంప మీద ఒక్కటిచ్చాడు. "అయ్యో నా పెళ్లామో! నా పిల్లలో! రాజుగారికి ద్రోహం చెయ్యనురో!" అంటూ పొర్లాడాను. నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు, రాజుగారి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. జెత్రో నాకంటే ఘనుడు. తెరచాప స్తంభాన్ని కావలించుకుని ముగ్గురు పీకినా వదల్లేదు. ఆ వెనక వంటవాడు, చుక్కానివాడు, అందరూ వరస కట్టారు.

"ఒక్కొక్కడే రండ్రా, నా చెయ్యి పడిపోతోంది," అన్నాడు రూక్.

క్రేక్ చూస్తూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పోయిన పిండి బస్తాల కోసం కాబోలనుకున్నాను.

మేమంతా దొంగల ఓడ అడుగుకు దిగి రమ్ము పీపా చుట్టూ చేరాక, క్రేక్‌ని కూడా పడేశారు, నోటి నిండా నెత్తురుతో. చుక్కల్ని చూసి దారి పట్టగలవాడు వాళ్లకు కావాల్సి వచ్చాడు.

ఏడాది తిరక్కముందే రాజుగారి యుద్ధనౌక మమ్మల్ని పట్టింది. పోరులో రూక్ పోయాడు. మమ్మల్ని జమైకాలో జడ్జి ముందు నిలబెట్టారు.

"మాకు క్రేక్ దొరే సాక్షి," అన్నాం అందరం.

క్రేక్ బైబిల్ మీద చెయ్యి పెట్టగానే మా పని అయిపోయిందనుకున్నాను. ఏడాదిపాటు మా తాగుడూ గెంతులూ చూసిన మనిషి.

"నా కళ్లారా చూశానండీ," అన్నాడు. "ఈ సైలస్‌ని గొడ్డును బాదినట్టు బాదారు. పిల్లల్ని తలుచుకుని వీడేడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అడ్డుపడలేకపోయాను."

పిచ్చిమారాజు, మా నాటకం నమ్మాడు! దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాం.

"సరే. మరి నీకెవరు సాక్షి?" అన్నాడు జడ్జి.

క్రేక్ మావైపు తిరిగాడు. అందరిలో నిజంగా బలవంతాన తెచ్చింది ఆయన్నొక్కణ్ణే. ఆయన్ని కొట్టిన వేళకు పైన ఉండి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.

నేను ముందుకు కదలబోతే జెత్రో నా చొక్కా లాగాడు. "నోర్మూసుకోరా. నీ అబద్ధం దొరికిందంటే అందరి మెడకీ తాడే."

దొరికితే దొరికింది. "నేను చూశానండీ," అన్నాను.

"ఏం చూశావు?"

"పరాయి దేశంలో ఉన్న ఆ జేమ్సే అసలు రాజనీ, ఆయన పేరు మీద మా పీపా విప్పి పొయ్యమనీ మా దొర నుదుటికి పిస్తోలు పెట్టారండీ. పొయ్యలేదు." రూక్ తనకు దొరికిన ప్రతి కెప్టెన్‌నీ అదే అడిగేవాడు, అందుకని తెగించి అనేశాను.

"పొయ్యలేదని నమ్మేదెలా?"

"అయ్యా, మహారాణి పోతే పొయ్యలేదు, జార్జి రాజుగారొస్తే పొయ్యలేదు. ఎక్కడో ఉన్న జేమ్సుకి పోస్తాడా?"

"పొయ్యలేదండీ! చుక్క పొయ్యలేదు!" అని వెనక మావాళ్లంతా గొల్లుమన్నారు. ఆ రోజు మా నోట వచ్చిన నిజం అదొక్కటే. జడ్జి నవ్వు ఆపుకోలేకపోయాడు. అందరినీ వదిలేశారు.

క్రేక్ నన్ను రేవులో సారాకొట్టుకు తీసుకుపోయి, తన చేత్తో రమ్ము పోశాడు, అంచు దాకా.

"అప్పుడు నువ్వెక్కడున్నావురా సైలస్? నాకు కనబడలేదే."

"పీపా వెనకండీ."

"నువ్వు చెప్పినట్టే అడిగారు. నేను పీపా విప్పలేదు." నోరు తెరిచి చూపించాడు. ముందు పళ్లు రెండు లేవు. తర్వాత నా చెంప కేసి చూశాడు. "నీ పిల్లలు బాగున్నారా? పెద్దవాడి పేరేంటి?"

"జార్జి అండీ," అన్నాను, నోటికొచ్చింది.

"అయితే నీ జార్జి కోసం," అని తన కప్పు ఎత్తాడు.

సింహాసనం మీదున్న జార్జికి చుక్క పొయ్యనివాడు, పుట్టని నా జార్జికి అంచుదాకా పోశాడు. తాగాను. రూక్ కొట్టిన చెంప అప్పుడు మండింది.