నందయ్య భార్య

మా ఊళ్లో నందయ్య అనేవాడు ఎవడూ లేడని పోస్టుమాన్ ప్రేమదాసుతో చెప్పింది నేనే.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, మిరప కోతలు అయిపోయిన రోజులు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ప్రేమదాసు సైకిలుకు స్టాండు వేసి, సంచిలోంచి ఒక మనియార్డరు కాగితం తీశాడు.

"రత్తమ్మ, నందయ్య భార్య, పెనుగంచిప్రోలు. ఎవరండీ ఈవిడ? రెండ్రోజుల్నించి తిరుగుతున్నా" అన్నాడు.

రత్తమ్మలు మా ఊళ్లో వీధికొకరు ఉంటారు. మా ఇంట్లోనూ ఒక రత్తమ్మ ఉంది, నా భార్య. కాని ఆమె నందయ్య భార్య కాదు కదా. నా పేరు బసవయ్య.

"ఆ పేరుగలాయన ఈ ఊళ్లో లేడు" అన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను మాట్లాడింది ఆ ఒక్క మాటేనేమో. అతను కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. నేను ఇంటికి వచ్చి గేదెకు మేత వేశాను.

దీనికంతటికీ మూలం ఒక స్టవ్వు. మా ఇంట్లో పొయ్యిలోకి పత్తికట్టె, మిరపకట్టె. మిరపకట్టె పొగ కళ్లను మండించి పోయి గొంతులో కూర్చుంటుంది. రత్తమ్మకు పొద్దున మొదలైన దగ్గు అన్నం వార్చేదాకా ఆగేది కాదు. మాకున్న ఒక్క గేదె పాలు టీ కొట్టుకు పోసి, ఏడాది పాటు ఆ డబ్బు పప్పు డబ్బాలో దాచి, నా తమ్ముడి భార్య రాఘవమ్మను తోడు తీసుకుని నందిగామ వెళ్లింది. జగన్నాథరావు గారి కొట్లో పంపు స్టవ్వు కొనుక్కొచ్చింది. పంపు కొడితే హోరుమంటూ నీలం మంట. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి చూసి పోయారు. స్టవ్వు వచ్చాక ఇంట్లో దగ్గు వినపడలేదు. నాకు తెలియకుండానే చెవి ఆ దగ్గు కోసం వెతుక్కునేది.

నెల తిరక్కముందే ట్యాంకు అతుకు దగ్గర కిరసనాయిలు కారడం మొదలైంది. ఒకరోజు మంట కిందికి దిగి చీర అంచు అంటుకుంది. తడి గోనెపట్టా వేసి ఆర్పుకుంది. మళ్లీ పొయ్యి, మళ్లీ మిరపకట్టె.

స్టవ్వును గోనెసంచిలో పెట్టుకుని ఇద్దరాడవాళ్లూ తిరిగి నందిగామ వెళ్లారు. ఆ రోజు మిరపతోటకు నీళ్లు పెట్టే వంతు నాది, నేను వెళ్లలేదు. ఆ స్టవ్వులు చాలాచోట్ల కారుతున్నాయట. వాటిని వెనక్కి తీసుకుని డబ్బు మనియార్డరు చేస్తామని కంపెనీ వాళ్లు కొట్టుకు రాశారట. అయితే దానికొక ఫారం నింపాలి.

కొనేటప్పుడు మీది ఏ ఊరని కూడా అడగని కొట్టు, డబ్బు తిరిగివ్వడానికి ఇంటిపేరు అడిగింది, ఇంటి నంబరు అడిగింది, వయసు అడిగింది. వయసు అడిగినప్పుడు రత్తమ్మ రాఘవమ్మ వంక చూసింది. "అక్క నాకన్నా ఐదేళ్లు పెద్దదండి" అని రాఘవమ్మ చెప్పింది. మరి నీకెంతమ్మా అంటే, "అక్కకన్నా ఐదేళ్లు చిన్నదాన్ని" అంది. జగన్నాథరావు గారు కళ్లజోడు సర్దుకుని యాభై అని తనే వేసుకున్నారు.

ఆ తర్వాత భర్త పేరు.

మా వైపు ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని వాళ్ల నమ్మకం. తమ్ముడి భార్య బావగారి పేరు కూడా అనదు. అక్కడ రెండు నోళ్లున్నా నా పేరు పలకడానికి ఒక్కటీ పనికి రాలేదు.

"మీ ఊరి పేర్లోనే ఉందండీ" అంది రత్తమ్మ.

"నందిగామలోనా? గామయ్యా?" అన్నారాయన.

రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ముందుది చూడండి. శివుడి గుళ్లో ఎదురుగా కూచునుంటాడు."

"అట్లా చెప్పమ్మా, నందయ్య" అని రాసేశారు.

రత్తమ్మ కాదనబోయింది. కాదంటే మరి ఏమిటని అడుగుతారు. బసవన్నయినా నందన్నయినా కూర్చునేది ఆ గుళ్లోనే, దగ్గరగానే ఉందిలే అనుకుని వేలిముద్ర వేసి వచ్చేసింది. ఇంటికొచ్చి డబ్బు వచ్చే సంగతీ, ఆ పేరు సంగతీ నాతో చెప్పలేదు. నా పేరు మార్చి వచ్చానని ఎలా చెబుతుంది.

రెండు నెలలు చూసింది. డబ్బు రాలేదు. దగ్గు మాత్రం పెరిగింది. ఒకరోజు అన్నం పెడుతూ, పోస్టులో ఏమీ రాలేదా అని అడిగింది. దేనికని అన్నాను. మా తమ్ముడు మాతోనే తింటున్నాడు, తన భార్య దగ్గర విన్నది మొదటినుంచీ చెప్పి, "అన్నయ్యా, నువ్వు నందిగామలో నందయ్యవంట" అన్నాడు. ప్రేమదాసు అడిగిందీ నేను అన్నదీ గుర్తొచ్చాయి. వాళ్లు నవ్వుతుంటే నేను అన్నం వంక చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. పెళ్లయి ముప్పై నాలుగేళ్లు, ఇద్దరమే కలిసి బస్సులో పోవడం అదే మొదలు.

జగన్నాథరావు గారి కొట్టు హైదరాబాదు రోడ్డు మీదే. ఆయన ఒక కాగితాల కట్ట విప్పి, వెనక్కి వచ్చిన మనియార్డరు తీసి చూపించారు. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. ఎర్ర సిరాతో రాసి ఉంది, అట్టి పేరుగలవారు గ్రామములో లేరు అని. టీ కొట్లో నేను అన్న మాట. అది నాకంటే ముందే బస్సెక్కి వచ్చి ఇక్కడ కూర్చుని ఉంది. కాగితానికి ఇంత జ్ఞాపకం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

"నా పేరు బసవయ్యండి. అది తప్పు పడింది" అన్నాను.

ఆయన మంచివాడే. కాని ఆ స్టవ్వుల డబ్బుకోసం దొంగపేర్లతో ఇద్దరు అప్పటికే వచ్చి పోయారట, కంపెనీ వాళ్లు గట్టిగా రాశారట. "అప్పుడు నందయ్య అన్నారు. ఇప్పుడు మీరొచ్చి బసవయ్య అంటున్నారు. ఏది రాయమంటారు? మీరు చెబితే చెల్లదండీ. కొన్నది ఆవిడ. ఆవిడ నోటితో చెప్పాలి, లేదంటే మునసబు గారి దగ్గర కాగితం తేవాలి" అన్నారు.

కాగితం రేపు తెస్తామన్నాను. ఫారాలు సాయంత్రమే బెజవాడ పోతున్నాయని, ఇదే ఆఖరని అన్నారు.

కొట్లో ఇంకో నలుగురున్నారు. టార్చిలైటు బేరం చేస్తున్నాయన బేరం ఆపి మా వంక చూస్తున్నాడు. రత్తమ్మ నేల చూపులు చూస్తోంది. ఒక పక్కన ఆమె ఏడాది పాల డబ్బు, పొగ లేని వంట. రెండో పక్కన నా ప్రాణం. ఆమె లెక్క అదే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, ఆమె మాత్రం నిజంగానే నన్ను తక్కెడలో పెట్టి తూచుకుంటోంది.

నాకు ఆ డబ్బు వద్దనిపించింది. "పోనీలే, పోదాం పద" అన్నాను.

ఆమె కదల్లేదు. దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది, తగ్గేదాకా ఆగింది. జగన్నాథరావు గారు మెల్లగా మొదటినుంచి మొదలుపెట్టారు.

"ఇంటిపేరు?"

"గింజుపల్లి" అంది వెంటనే. అది ఆమెది కూడా.

"భర్త పేరు?"

మెడలో సూత్రాలు తీసి కళ్లకు అద్దుకుంది. వీధి వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"వినపళ్లేదమ్మా. మళ్లీ చెప్పు" అన్నారాయన.

ఆమె నా వంక చూసింది. ఒకసారి అనేసిన తప్పు ఎంతో, రెండోసారిది ఎంతో అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. అప్పుడు గట్టిగా, ఆ కొట్టంతా వినేటట్టు చెప్పింది.

"బసవయ్య."

నన్ను ఆ పేరుతో మా నాయన పిలిచాడు, కరణం పిలిచాడు, పొలంలో కూలీలు పిలిచారు. వాడి వాడి అరిగిపోయిన పేరు. ఆమె నోట్లోంచి వచ్చినది వేరు. పెళ్లినాటి పట్టుబట్ట ముప్పై నాలుగేళ్ల తర్వాత పెట్టెలోంచి తీస్తే, ఎండ సోకనిచోట రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది చూడండి, అట్లా ఉంది. ఇన్నేళ్లూ ఆమె దాన్ని అంత భద్రంగా ఎక్కడ దాచిందో. టార్చిలైటు ఆయన ఎందుకో నెత్తి మీది తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

జగన్నాథరావు గారు రాసుకున్నారు. ఆమె వేలిముద్ర వేసింది. ముద్ర పక్కన నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. బసవయ్య అని రాశాను. మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలే, ఆ రోజు ఒక్కొక్కటే చూసుకుంటూ రాశాను.

బయటికి వచ్చాక రోడ్డు దాటాలి. నేను కాలు ముందుకు వేయగానే నా చొక్కా పట్టుకుని ఆపింది. కనుచూపు మేరలో లారీ లేదు. అయినా ఆపింది. అటూ ఇటూ రెండేసి సార్లు చూసి, చొక్కా వదలకుండా దాటించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోనివ్వలేదు. దారంతా నా ముఖం చూస్తూనే ఉంది. "ఒంట్లో ఎట్లా ఉంది?" అని మూడుసార్లు అడిగింది. బానే ఉందన్నాను. ఊళ్లో దిగగానే ఇంటికి రానివ్వకుండా తిరుపతమ్మ గుడికి తీసుకెళ్లి, కుంకుమ నా నుదుటన చేతికందినంత పెట్టింది.

ఆ రాత్రి ఆమె పడుకోలేదు. మేలుకుని నా ఊపిరి వింటోందని నాకు తెలుసు. నేనూ నిద్రపోయినట్టు పడుకుని గట్టిగా ఊపిరి తీశాను, ఆమెకు వినపడాలని.

ఇరవై రోజులకు ప్రేమదాసు మనియార్డరు తెచ్చాడు. రత్తమ్మ, బసవయ్య భార్య. "ఏం బాబాయ్, ఊళ్లో ఉన్నాడా ఈయన?" అని నన్నే అడిగాడు. ఉన్నాడన్నాను. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి జగ్గయ్యపేటలో వేరే స్టవ్వు కొంది. అది ఇప్పటికీ మండుతోంది.

ఇది జరిగి పదేళ్లయింది. నాకు అరవై ఎనిమిది వచ్చాయి. ఆ పేరు ఆమె మళ్లీ అనలేదు, నేనూ అనమని అడగలేదు. ఆమె దగ్గు ఎప్పుడో తగ్గింది. ఇప్పుడు చలికాలంలో నేను దగ్గుతున్నాను. నేను వీధరుగు మీద ఒక్కసారి దగ్గితే చాలు, వంటింట్లో స్టవ్వు హోరు టక్కున ఆగిపోతుంది. రెండో దగ్గు వస్తుందేమోనని ఆమె ఆర్పి వింటుంది. రానప్పుడు మళ్లీ పంపు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది.