ఐదో ముడి

లిఫ్టులు బాగుచేసే మనిషికి గాలిపటాల పిచ్చి పట్టడమే ఒక వింత. పైగా అతనికి పట్టింది మామూలు కాగితం గాలిపటం కాదు, గుడ్డతో కుట్టిన నాలుగు దారాలది. ఎడమచేతిలో ఒక పిడి, కుడిచేతిలో ఒక పిడి, ఒక్కో పిడికి పైన ఒక దారం, కింద ఒక దారం. పై దారాలు లాగితే పటం ముందుకు దూసుకుపోతుంది. కింది దారాలు బ్రేకుల్లాంటివి. కాస్త లాగితే ఆగుతుంది, ఇంకాస్త లాగితే వెనక్కి నడుస్తుంది. చేయి తిరిగినవాళ్ళు దాన్ని గాలిలో మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబెడతారు. మెకానిక్‌కి ఇంకా అంత చేయి తిరగలేదు. మూడేళ్ళ నుంచి ఎగరేస్తున్నా పటం ముందుకు పోతుందే తప్ప వెనక్కి రమ్మంటే రాదు.

కానీ దాన్ని సరిచూసుకోవడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. ప్రతి ఆదివారం మేడమీద నీళ్ళ పైపుకి నాలుగు దారాలూ తగిలించి, చివరిదాకా నడిచి, గట్టిగా లాగి చూసేవాడు. ఒక దారం బియ్యపుగింజంత సాగినా ఊరుకునేవాడు కాదు. పిడి పైభాగాన జానెడు తాడు ఉంటుంది, దానికి పిడి వైపు నుంచి వరసగా ఆరు ముడులు. పై దారాన్ని ఏ ముడికి తగిలించామన్న దాన్నిబట్టి పటం నడక మారుతుంది. పిడికి దగ్గరగా తగిలిస్తే వేగం, దూరంగా తగిలిస్తే బ్రేకు ఎక్కువ. అతనిది ఎప్పుడూ మూడో ముడి.

ఇంట్లో ముగ్గురు. అతని భార్య పళ్ళ ఆసుపత్రిలో నర్సు, పొద్దున పోతే సాయంత్రం ఆరింటికి వస్తుంది. అత్తగారు నలభై ఏళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. ఆవిడ అద్దెకున్న ఇల్లు కూలగొడుతున్నారని పది రోజులకని కూతురి దగ్గరికి వచ్చింది, పది నెలలైంది. వచ్చేటప్పుడు పాత టైపుమిషన్ కూడా మోసుకొచ్చింది. అల్లుడి మొహమ్మీద ఒక్కమాట కూడా అనదు. అనాల్సింది కూతురితో, అల్లుడికి వినబడేంత గట్టిగా అంటుంది.

"యాభైకి దగ్గరపడుతున్న మనిషికి గాలిపటాలేంటే? నలుగురూ చూస్తే నవ్విపోరూ?"

"పోనీలేమ్మా, పేకాట కన్నా నయం కదా" అనేది కూతురు.

వానలు వెనకబట్టిన ఒక బుధవారం సాయంత్రం పని నుంచి త్వరగా వచ్చి, బాల్కనీ తలుపు వెనక తగిలించిన పటం సంచీ తీసుకుని మైదానానికి పోయాడు. పటం లేవగానే ఏదో తేడాగా ఉంది. ఎప్పట్లా దూకడం లేదు, మాట వినని దూడలా నిలబడి చూస్తోంది. దించి చూస్తే, రెండు పిడుల మీదా దారం ఐదో ముడికి తగిలించి ఉంది.

'ఆదివారం నేనే మార్చానేమో' అనుకుని మూడుకి మార్చాడు.

రెండు వారాల తర్వాత మళ్ళీ ఐదో ముడి. ఈసారి తల గోక్కున్నాడు. ఇంట్లో అడుగుదామనుకున్నాడు గానీ, ఎవర్నని అడుగుతాడు? భార్య ఆ సంచీ వంక కన్నెత్తి చూడదు. అత్తగారికేమో గాలిపటం పేరెత్తితేనే ఒళ్ళు మంట.

చిన్న నోటుపుస్తకం కొన్నాడు. 'ఆదివారం సాయంత్రం. రెండు పిడులూ మూడో ముడి. నా చేత్తో నేనే తగిలించాను' అని రాసి తేదీ వేసి సంతకం చేశాడు. బుధవారం తీస్తే ఐదు. పుస్తకంలో మూడు. అక్షరాలు తనవే, సంతకం తనదే. మైదానంలో నిలబడి పిడినీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు.

అతనికి నాన్న గుర్తొచ్చాడు. నాన్న పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా వేరుచేసేవాడు. వేల చిరునామాలు నోటికి వచ్చేవి. యాభై ఒకటో ఏట ఒక పొద్దున బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, లేవకుండా అలాగే కూర్చున్నాడు. కాళ్ళ వంక చూస్తూ "ఈ ముడి ఎవరు వేశారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ ప్రశ్న ప్రతి పొద్దునా అడిగేవాడు. అప్పుడు నవ్వినవాళ్ళు ఇక నవ్వలేదు.

ఇప్పుడు అతనికి నలభై ఏడు.

ఆ తర్వాతి ఆదివారం దారాలు చుట్టే చట్రం చూశాడు. తనెప్పుడూ కుడివైపు నుంచి చుడతాడు. అవి ఎడమవైపు నుంచి చుట్టి ఉన్నాయి. అదీ రాసుకున్నాడు. మరో వారానికి పటం ఎడమరెక్క అంచున బెత్తెడు చిరుగు కనబడింది. చిరుగైతే సరే. కానీ అది అప్పటికే కుట్టి ఉంది. లోపల అతుకు పట్టీ, పైన సన్నని కుట్టు, చీమలు బారులు తీరినంత పొందికగా. చిరిగిన సంగతి గుర్తులేదు, కుట్టిన సంగతి అంతకన్నా గుర్తులేదు. ఇంత బాగా కుట్టడం తనకెప్పుడు వచ్చింది?

రాత్రి అన్నాల దగ్గర మాటవరసకన్నట్టు భార్యని అడిగాడు. "నేను కుట్టుపని బాగా చేస్తానంటావా?"

"మీరు కుట్టిన బొత్తాం ఒక్కటైనా వారం నిలిచిందా?" అని నవ్వింది భార్య. అత్తగారు మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, ఖాళీ అయ్యేదాకా దించలేదు.

పనిలో కూడా అతనికి తన చేతుల మీద నమ్మకం పోయింది. లిఫ్టు బ్రేకు బిగించి, నాలుగంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కి చూసొచ్చేవాడు. ఒక్కో బోల్టు దగ్గరికి మూడేసిసార్లు. జతగా పనిచేసే, అందరూ 'పొడుగు' అని పిలిచే మనిషి చూసి చూసి అన్నాడు:

"ఏంట్రా, ఆ బోల్టుతో ఏమైనా చుట్టరికం కలిసిందా?"

"బిగించానంటావా?"

"నా కళ్ళముందేగా బిగించావు!"

పొడుగు చెప్పాడు కాబట్టి బిగించినట్టే. మరి పొడుగు లేని రోజున? ఆ పెట్టెలో ఎక్కేవాళ్ళు పిల్లలు, గర్భిణులు, చేతికర్ర పట్టుకున్నవాళ్ళు.

ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పోయాడు. ఆవిడ ఐదు మాటలు చెప్పింది. గొడుగు, చెంచా, రైలు, నిమ్మకాయ, అద్దం. అరగంట వేరే కబుర్లు చెప్పి మళ్ళీ అడిగింది. ఐదూ చెప్పాడు. గడియారం బొమ్మ గీయమంటే గీశాడు. వందలోంచి ఏడేసి తీసేయమంటే తడుముకోకుండా తీసేశాడు.

"మీకేం లేదండీ. నిద్ర సరిపోవడం లేదేమో చూసుకోండి" అంది డాక్టరు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఏమీ లేకపోతే ఆ ముడి ఎవరు మార్చారు? ఆ చిరుగు ఎవరు కుట్టారు? నాన్న కూడా మొదట్లో అన్ని ప్రశ్నలకీ సరైన జవాబులే చెప్పాడు కదా. మంచి మాట చెప్పించుకుని కూడా అంత అయోమయంలో ఇంటికొచ్చినవాడు అతనొక్కడే అయ్యుంటాడు.

చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. ఆ శనివారం అతనికి సెలవు, భార్యకి డ్యూటీ. అత్తగారు ముందుగదిలో పేపరు చదువుకుంటోంది. దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, కంపెనీకి ఒక ఉత్తరం రాయాలి. మీరు టైపు కొట్టిపెడతారా? నా చేతిరాత మీద నాకు నమ్మకం లేదు."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మిషన్ మీది గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, వేళ్ళు విరుచుకుని కూర్చుంది. "చెప్పండి అల్లుడుగారూ, మీరు ఆగక్కర్లేదు. నేనే అందుకుంటాను."

అతను కిటికీ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "అయ్యా, పద్దెనిమిదేళ్ళుగా తమ కంపెనీలో పనిచేస్తున్నాను. ఈమధ్య నాకు జ్ఞాపకశక్తి తగ్గుతోంది. లిఫ్టుల పని మనుషుల ప్రాణాలతో కూడినది కనుక నన్ను ఆ పని నుంచి తప్పించి, సామాన్ల గదిలో వేయవలసిందిగా..."

టకటకమని మిషన్ పరిగెడుతోంది.

"నా పరిస్థితికి నిదర్శనంగా ఒక విషయం మనవి చేసుకుంటున్నాను. మా ఇంట్లో ఉన్న గాలిపటానికి నేను తగిలించిన ముడులు నాకు తెలియకుండా నేనే మారుస్తున్నాను. చిరుగు కూడా కుట్టాను. ఏదీ గుర్తు..."

చప్పుడు ఆగిపోయింది. కాగితం అయిపోయిందేమోనని తిరిగి చూశాడు. సగం కూడా కాలేదు. అత్తగారి రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి, మొహం మాత్రం తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది.

"ఈ ఉత్తరం నేను కొట్టను" అంది.

"ఏం, తప్పులున్నాయా?"

"అంతా తప్పే." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఐదో ముడి నాది, అల్లుడుగారూ."

అతనికి అర్థం కాలేదు. "మీది అంటే?"

"నేనే మార్చాను. కుట్టు కూడా నాదే. కంచెకి తగిలించి చింపింది కూడా నేనే. మీరిద్దరూ పనికి పోయాక మధ్యాహ్నం మైదానానికి తీసుకెళ్ళి ఎగరేస్తున్నాను. నాలుగు నెలలైంది."

అతను కుర్చీ కోసం వెనక్కి చేయి చాపాడు. కుర్చీ అక్కడ లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎండలో ఆరేద్దామని మేడమీదికి తీసుకెళ్ళాను మొదటిరోజు. పిడులు చేతుల్లో పట్టుకుంటే బాగుంది. రెండు చేతులు, నాలుగు దారాలు, దేని పని దానిది. మీరు టీవీలో పెట్టుకుని చూసే పాఠాలు నేనూ వెనక నుంచి చూస్తూనే ఉన్నాగా. మాకు టైపు నేర్పిన టీచరమ్మ మా చేతుల మీద గుడ్డ కప్పేది, చూడకుండా కొట్టమని. ఇదీ అంతే. మూడో ముడిలో అది నన్ను ఈడ్చుకుపోయింది. ఐదులో మాట వింది. ఎగరేశాక మళ్ళీ మీ మూడుకే మార్చి పెట్టేదాన్ని. కొన్నిసార్లు మర్చిపోయాను." గొంతు తగ్గించింది. "మతిమరుపు మీకు కాదు, నాకు."

"మరి చెప్పొచ్చు కదా!" అతని గొంతు అతనికే కొత్తగా వినబడింది. "నేను డాక్టరు దగ్గరికి పోయొచ్చాను! నాన్నలాగే అయిపోతున్నాననుకున్నాను. మీకు తెలుసా?"

"తెలిస్తే ఒక్కపూట ఆగేదాన్నా? ఆ కుట్టొక్కటే మీ కంటబడిందనుకున్నాను, మీరింత భయపడుతున్నారని తెలీదు. నలుగురూ నవ్విపోతారని అన్న నోటితోనే, అరవై రెండేళ్ళొచ్చి నేనూ ఎగరేస్తున్నానని ఎలా చెప్పను? నా కూతురు బతకనిస్తుందా నన్ను?"

నవ్వాలో అరవాలో తెలీలేదు. నోటుపుస్తకం తెచ్చి పేజీలు తిప్పుతూ ఒక్కో తేదీ అడిగాడు. అన్నిటికీ ఆవిడ తలూపింది. ఒక్కదానికి తప్ప.

"దారాలు ఎడమ నుంచి చుట్టడమా? అది నేను కాదు. తెలియకూడదని అచ్చు మీలాగే చుట్టేదాన్ని."

"మరి ఎవరు?"

"మీరే అయ్యుంటారు."

అతని మొహం మళ్ళీ పాలిపోవడం చూసి ఆవిడ గబగబా అంది: "నలభై ఏళ్ళు కొట్టాను అల్లుడుగారూ. తప్పు లేని రోజు ఒక్కటీ లేదు. తెల్లసిరా పూసి పైన మళ్ళీ కొట్టేవాళ్ళం. ఒక్క తప్పుకి ఎవరైనా పని వదులుకుంటారా?"

ఆ కాగితం మిషన్‌లోంచి లాగి నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకుని మేడమీదికి పోయి నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నాడు. భారం దిగింది, నిజమే. కానీ కోపం ఎక్కడ పెట్టాలో తెలీలేదు. పైగా కోపం కన్నా కింద ఇంకోటి కదులుతోంది. మూడేళ్ళలో తనకి రానిది నాలుగు నెలల్లో ఆవిడకి వచ్చిందా? అది అడగడానికి నామోషీ. అడక్కపోతే నిద్ర పట్టదు.

మంగళవారం ఇక ఆగలేక అతనే అడిగాడు.

"వెనక్కి వస్తుందా మీకు?"

"వస్తుంది" అంది ఆవిడ, నేరం ఒప్పుకున్నట్టు.

మర్నాడు అతను సగం రోజు సెలవు పెట్టాడు. మైదానంలో ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, పిడులు అందుకుంది. మోచేతులు ఒంటికి ఆనించే ఉంచింది. మణికట్లు మాత్రమే, అవి కూడా కదిలీ కదలనట్టు. పటం నేల నుంచి లేచి తల పైకెత్తి ఆగింది. తలకిందులై ఆగింది. అక్కణ్ణుంచి ఒక్కో అడుగూ వెనక్కి, మెట్లెక్కుతున్నట్టు, పైకి పోయింది. మెకానిక్ నోరు తెరుచుకుని చూశాడు. అన్నేళ్ళు దారాలు గింజ తేడా లేకుండా కొలిచింది తను. "మీరు ఒక్కసారైనా కొలిచారా?" అని అడిగాడు.

"కొలవడమెందుకు? మీరు కొలిచే ఉంచుతారుగా" అంది ఆవిడ.

తర్వాత అతను పట్టుకున్నాడు, ఐదో ముడి మీదే. "అంత గట్టిగా కొట్టకండి, కాగితం చిరుగుతుంది" అంటూ పక్కన నిలబడి ఆవిడ టైపు నేర్పినట్టే పాఠం చెప్పింది. మూడుసార్లు పటం ముక్కు నేలకి కొట్టుకుంది. నాలుగోసారి రెండు బారలు వెనక్కి నడిచింది. ఎలా నడిచిందో అతనికి తెలీదు. మళ్ళీ చేయమంటే రాలేదు.

కూతురికి ఆ రాత్రే చెప్పేశారు. కూతురు భోజనం మానేసి అరగంట నవ్వింది. ఆ తర్వాత డాక్టరు సంగతి వినగానే నవ్వు ఆపి, భర్త మీదా తల్లి మీదా ఒకేసారి కోప్పడింది. ఎవర్ని ఎందుకు తిడుతోందో మధ్యలో తనకే కలగాపులగమైంది.

రెండో పటం అతనే కొలిచి కత్తిరించాడు, అత్తగారు కుట్టింది. మొదటిసారి రెండూ పక్కపక్కన ఎగరేసిన ఆదివారం గాలి ఉన్నట్టుండి దిక్కు మార్చింది. "ఎడమకి రండి!" అని అతను, "నా ఎడమా, మీ ఎడమా?" అని ఆవిడ. రెండు పటాలూ ఒకదాన్నొకటి చుట్టుకుని గిరగిర తిరుగుతూ కూలాయి. ఎనిమిది దారాలు ఒక్క చిక్కు. గడ్డిలో ఎదురెదురుగా కూర్చుని విప్పడం మొదలుపెట్టారు. ఒక కొస పట్టుకుని అతను చాలాసేపు చూశాడు.

"అత్తయ్యగారూ, ఇది నాదా, మీదా?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ కొస వెంట వేలితో కొంతదూరం పోయింది, చిక్కులో ఆగిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది.

"తెలీడం లేదు అల్లుడుగారూ. అటువైపు నుంచి చూడండి."