ఖాళీ లేదన్న పోస్టు

జూలై పదహారున, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, నా చెల్లెలు రూప దేవసూగూరు రోడ్డు మీద చనిపోయింది. ఆమె ఎక్కిన షేర్ ఆటోను కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీ గుద్దింది. పొద్దున పక్క ఊరి బడిలో లెక్కలు చెప్పి, మధ్యాహ్నం మా బడిలో చెప్పడానికి వస్తోంది. సంచిలో అన్నం గిన్నె మూత తీయనే లేదు.

రూప పక్క ఊరి బడికి గెస్ట్ టీచరు. నేను మా బడిలో సైన్సు చెప్తాను. మా లెక్కల మాస్టారు ఆంజనేయ రెండేళ్లుగా తాలూకా విద్యాధికారి కచేరీలో జాబితాలు టైపు చేస్తున్నాడు. పేరు మా హాజరు పట్టీలో, మనిషి అక్కడ. పేరుంది కనుక పోస్టు ఖాళీ కాదు. ఖాళీ కాదు కనుక మాకు గెస్ట్ టీచరును ఇవ్వరు. "మధ్యాహ్నం ఆ బడి కూడా చూసుకో" అని అధికారి రూపకు నోటితో చెప్పాడు. కాగితం ఇవ్వలేదు. ఆ వేళ ఆమె ఆ రోడ్డు మీద ఎందుకుందో తనకు తెలియదని పోలీసులకు చెప్పాడు. నా ఎదుటే చెప్పాడు. అతని ముఖం నేను బాగా చూసి పెట్టుకున్నాను.

ఆగస్టులో తల్లిదండ్రులు బడి వరండాలో కూడారు. బడి కమిటీ అధ్యక్షుడు బసవలింగప్ప కాగితం విప్పాడు. "పోస్టు నింపుమని అర్జీ ఇస్తిమి. ఖాళీయే లేదని జవాబొచ్చింది."

"బెంగళూరులో పై ఆఫీసుకి ఇంకోటి రాద్దామండీ. పద్ధతిగా వెళ్దాం," అన్నాడు కరెంటు ప్లాంటులో పనిచేసే గోపీచంద్.

"నీ బిడ్డకు ట్యూషనుంది గద, పద్ధతిగనే పో నువ్వు," అంది పత్తిచేల కూలి తిమ్మక్క. అందరూ నవ్వారు. గోపీచంద్ తల దించుకున్నాడు.

తిమ్మక్క కూతురు కీర్తి పదో తరగతి. లెక్కలు తప్పితే ఆ పిల్లకూ పత్తిచేనే. తిమ్మక్క నావైపు తిరిగింది. "టీచరమ్మా, ఖాళీ లేదంటే ఏంది? మన సారు ఉన్నట్టే గద?"

"ఉన్నట్టే."

"గట్లైతే సారు యాడుంటే బడి ఆడ్నే. పిల్లల్ని తోల్కొని పోదాం." వెనక నిలబడ్డ ట్రాక్టరు రైతును పిలిచింది. "నారప్పా, నీ ట్రాక్టర్ల బెంచీలెయ్యి."

"టీచరమ్మా, మరి నీ నౌకరీ?" అన్నాడు బసవలింగప్ప.

"పోనీ," అన్నాను.

మర్నాడు పదకొండు గంటలకు యాభై ఎనిమిది మంది పిల్లలు, వాళ్ల తల్లులు కచేరీ హాల్లోకి నడిచారు. నల్లబల్ల గోపీచంద్ మోశాడు. అధికారి గదిలోంచి వచ్చి, "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అని అరిచాడు.

హాజరు పట్టీ తెరిచి చదివాను. "ఆంజనేయ, లెక్కల ఉపాధ్యాయుడు."

కంప్యూటరు వెనక ఆంజనేయ కదిలాడు.

"కూర్చో! సస్పెండవుతావు!" అన్నాడు అధికారి.

"రెండేండ్లు కూసున్నవు సారూ. ఇంక జర లేవరాదూ," అంది తిమ్మక్క.

ఆంజనేయ లేచాడు. సుద్దముక్క తీసుకుని మొదటి లెక్క రాశాడు.

తల్లులు అధికారిని గదిలోకి నడిపించి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఒక తెల్ల కాగితం అతని ముందు పెట్టాను. "రూపను మా బడికి పంపింది నేనే అని రాసివ్వండి. లేచి వెళ్తాం."

"నాకేం సంబంధం?"

"ఐతే కూసో సాహేబూ," అంది తిమ్మక్క. "లెక్కలు ఇను. నీకూ రావాలె గద."

నాలుగు గంటలు కూర్చోబెట్టాం. నీళ్లు అడిగితే ఇచ్చాం, బయటికి మాత్రం వదల్లేదు. అతనికి చెమటలు పడుతుంటే చూశాను. చూడటం నాకు బాగుంది. దాచను.

పోలీసులొచ్చి తిమ్మక్కను, నారప్పను, నన్ను వ్యాను ఎక్కించారు. వ్యాను కదిలేటప్పటికి పిల్లలింకా బెంచీల మీంచి లేవలేదు. మర్నాడు పక్క ఊరి వాళ్లూ వాళ్ల బెంచీలతో అదే హాల్లోకి వచ్చారు.

ఆంజనేయను మా బడికి పంపారు. నన్ను సస్పెండు చేశారు. పక్క ఊరి బడికి లెక్కల టీచరు ఇంకా రాలేదు. రూపను ఆ రోడ్డు మీదికి పంపింది ఎవరో ఇంకా ఏ కాగితంలోనూ లేదు.