లేడి వెనక ఎలుగుబంటి

ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె లేడి. బడిలో ఉన్నప్పుడు పరుగు పందెంలో మగపిల్లల్ని కూడా వెనక్కి నెట్టేసిందని ఆటల మాస్టారు పెట్టిన పేరది, అలాగే అతుక్కుపోయింది. ఇప్పటికీ తెల్లారగానే మైదానంలో పరిగెత్తి, ఒంటి మీద చెమట ఆరకముందే పళ్ల గుజ్జు ఫ్యాక్టరీకి డ్యూటీకి వచ్చేది. పై వారమే జట్టు ఎంపిక పోటీలు. అందులో నెగ్గితే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని, ఈ కుళ్లిన పళ్ల కంపు ఇక ఉండదని ఆశ.

బెల్టు దగ్గర ఆమె పక్కనే నిలబడి పళ్లు ఏరేది వదిన. మనిషి కాస్త భారీ. మోకాలు ఎప్పుడూ నొప్పే, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. అన్న లారీతో ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో ఉండేది వీళ్లిద్దరే. లేడికి ప్రాక్టీసులో ఆలస్యమైతే ఆమె వంతు పని కూడా వదినే చేసేసేది. చేసి నాలుగు తిట్లు తిట్టేది, అది వేరే సంగతి.

ఫ్యాక్టరీ వెనక ప్రహరీ గోడ వానలకు కూలిపోయింది. గోడ అవతల కొండ, కొండ నిండా అడవి. తొక్కలు పారబోసే గొయ్యి దగ్గర ఎలుగుబంటి తిరుగుతోందని నెల నాళ్లుగా అనుకుంటున్నారు. గోడ కట్టిస్తా, రేపే కట్టిస్తా అని మేస్త్రీ అంటూనే ఉన్నాడు.

ఆ రోజు భోజనాల వేళ కూడా అదే మాట వచ్చింది.

"మన లేడి ఉండగా భయమేంటి? ఎలుగుబంటి వెంటపడితే దానికి దుమ్ము తప్ప ఏం మిగలదు" అన్నాడు మేస్త్రీ.

బాయిలర్ ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు. "చూడ్డానికి గోనెసంచిలా ఉంటుంది గానీ, పరుగందుకుంటే గుర్రమే. మా ఊళ్లో సైకిలు మీద పోయేవాణ్ని పట్టుకుంది."

"వాడు తాగి తొక్కి ఉంటాడులే" అంది వదిన. "మా ఆడపడుచు పరిగెడితే దాని నీడే దాన్ని అందుకోలేదు. నా సంగతి చెప్పండి. నేను పరిగెడితే ఎలుగుబంటే జాలిపడి ఆగాలి."

అందరూ పగలబడి నవ్వారు. లేడి కూడా నవ్వింది.

మధ్యాహ్నం తొక్కల బండి నిండింది. తోసే మనిషి రాలేదు. "పదవే, మనమే పారబోసి వద్దాం" అంది వదిన. ఇద్దరూ చెరో పక్కనా పట్టి, వెనక వాకిట్లోంచి గొయ్యి వైపు తోసుకెళ్లారు. కాళ్లకు రబ్బరు బూట్లు, నేలంతా జిగురు. బండి చక్రం కీచుమంది.

గొయ్యిలోంచి నల్లటి తల ఒకటి పైకి లేచింది.

మూతికి గుజ్జు అంటుకుని ఉంది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత గుర్రుమని, ఆ మట్టి గట్టు ఎక్కి, నేరుగా వీళ్ల మీదికి వచ్చింది.

లేడికి పై ప్రాణాలు పైనే పోయాయి. వదినను పట్టుకోవాలని గానీ, అరవాలని గానీ ఆమెకు తట్టలేదు. ఏదీ తట్టకముందే కాళ్లు వెళ్లిపోయాయి. ఒక బూటు జారిపోయింది, రెండోది తనే విదిలించేసింది. వెనక "ఒసేయ్!" అని వదిన అరుపు వినబడింది. వినబడింది, అయినా ఆగలేదు.

ఎదురుగా ఖాళీ డ్రమ్ములు పెట్టే రేకుల గది. తన జన్మలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. అయినా వెనక నుంచి గోళ్లు నేలను గీరుతున్న చప్పుడు, బుసబుసమని ఊపిరి, అడుగడుక్కీ దగ్గరవుతున్నాయి. పందెంలో వెనకున్నవాళ్ల దూరం చెవులతోనే కొలవడం ఆమెకు అలవాటే. ఇది తగ్గే దూరం. ఆ మాత్రం లెక్క ఆమెకు తెలుసు. ఇంకొంచెం దూరంలో ఉండి ఉంటే ఆ గది ఆమెకు దక్కేది కాదు.

లోపల పడి తలుపు మూసి గడియ వేసింది. వెంటనే రేకు మీద దబ్బున దెబ్బ. గది గదంతా మోగింది. ఇంకో దెబ్బ. తర్వాత ఏమీ లేదు.

గోడకు ఆనుకుని కూలబడింది. బతికాను అనుకుంది. అలా అనుకున్న తర్వాతే వదిన గుర్తొచ్చింది.

రేకుల సందులోంచి చూసింది. బండి ఒరిగిపోయింది. తొక్కలన్నీ వదిన మీద పడ్డాయి. ఆమె మోకాలు మడతపడి కింద కూర్చుని, చేతులతో నేలను తోసుకుంటూ వెనక్కి జరుగుతోంది. ఎలుగుబంటి వెనుదిరిగింది. ఇప్పుడు దానికేం తొందర లేదు. నేల వాసన చూసుకుంటూ అటే నడుస్తోంది.

లేడి గడియ మీద చెయ్యి వేసింది. గడియ కదలడం లేదు. కదలడం లేదా, తాను కదపడం లేదా? "వాచ్‌మన్! ఎవరైనా రండర్రా!" అని అరిచింది. లోపల మిషన్ల హోరు. ఎవరికి వినబడుతుంది? ఇనుప కడ్డీ తీసి డ్రమ్ము మీద బాదింది. ఎలుగుబంటి ఒకసారి తల తిప్పింది. మళ్లీ వదిన వైపే తిరిగింది. పంజా ఎత్తి ఆమె భుజం మీద కొట్టింది. వదిన గొంతులోంచి వచ్చింది మనిషి అరుపులా లేదు.

గడియ ఎప్పుడు తీసిందో లేడికి తెలీదు. కడ్డీ విసిరింది. అది దాని వీపు మీద తగిలి ఎగిరిపడింది. "ఇటు రా! ఇటు చూడు, ముదనష్టపుదానా!" అని గొంతు చించుకుంటూ, దాని ముందు నుంచే అడ్డంగా పరిగెత్తింది. పరిగెత్తేదాన్ని చూస్తే ఎలుగుబంటి ఊరుకోలేదు. వదినను వదిలి ఈమె వెంట పడింది.

ఈసారి దగ్గరలో ఏ గదీ లేదు. వాకిలంతా దాటితే ముందు వైపు సరుకు ఎక్కించే చోట లారీ ఒకటి ఆగి ఉంది, వెనక తలుపు కిందికి దించి. అక్కడిదాకా వెళ్లగలదా? వెళ్లలేదు. అది తెలిసే పరిగెత్తింది. వట్టి కాళ్ల కింద కంకర, గాజు పెంకులు. మలుపు దగ్గర అది జారి గోడకు గుద్దుకుంది. ఆ జారుడు వల్లే ఈమెకు నాలుగడుగులు దక్కాయి. లారీ అంచు పట్టుకుని పైకి లేవబోతుంటే కుడి పిక్క నుంచి మడమ దాకా నిప్పు పోసినట్టయింది. లాగేస్తోంది. రెండు చేతులతో లారీ తలుపు గొలుసు పట్టుకుని వేలాడింది.

డ్రైవరు అద్దంలో చూసి హారన్ మీద చెయ్యి తియ్యకుండా నొక్కాడు. బాయిలర్ ఆపరేటర్ బయటికొచ్చి చూసి, మళ్లీ లోపలికి దూకి ఆవిరి కూత వదిలాడు. చెవులు పగిలేలా ఆ కూత ఫ్యాక్టరీ అంతా నిండింది. ఎలుగుబంటి పట్టు వదిలి, గోడ కూలిన సందులోంచి కొండెక్కి పోయింది.

వదినకు భుజం మీద కుట్లు పడ్డాయి. లేడికి కాలు మిగిలింది గానీ మడమ నరం తెగిపోయింది. "నడుస్తావు" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఇంకేం అంటాడోనని ఆమె చూసింది. ఆయన చీటీ రాసుకుంటూ ఉండిపోయాడు.

ఎంపిక పోటీలు జరిగిన రోజున ఆమె ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి, పోయేటప్పుడు ఒకటే మాట. "వదిన కోసం ప్రాణానికి తెగించావమ్మా." వాళ్లకు అలా చెప్పింది వదినే. వినలేక, ఒక సాయంత్రం వదిన ఒక్కతే ఉన్నప్పుడు లేడి నోరు విప్పింది.

"మొదట నిన్ను వదిలేసి పారిపోయాను వదినా. ఆ సంగతి ఎందుకు చెప్పవు?"

వదిన కట్టు కట్టిన చెయ్యి సవరించుకుంది. "నాకు తెలీదా? నీ వీపే కదా చూస్తూ కూర్చున్నాను."

జారిన దుప్పటి లేడి కాళ్ల మీదికి లాగి మళ్లీ అంది. "నీ కాళ్లు నాకుంటే నేనూ పారిపోయేదాన్నేమో. తెలీదు. తర్వాత మటుకు వచ్చేదాన్నో కాదో అసలే తెలీదు."

ఆ మాట అని లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. లారీ పని మానుకుని వచ్చిన అన్నే క్యారేజీ తెచ్చేవాడు. వదిన ఎక్కడని అడిగితే "నొప్పిగా ఉందట" అని తల వంచుకునేవాడు. ఇక రాదులే అనుకుంది లేడి. రమ్మని అడగడానికి తనకు మొహమేముంది?

ఆపై ఎప్పుడో ఒక మధ్యాహ్నం గుమ్మంలోంచే గొంతు వినబడింది.

"ఇదేం జుట్టే? కాకిగూడు నయం. దువ్వేవాళ్లే లేరా ఇక్కడ?"

వదిన మంచం మీద కూర్చుని, బాగున్న చేత్తో ఆమె తలను తన వైపు తిప్పుకుని, చిక్కులు తియ్యడం మొదలుపెట్టింది. ఒంటిచేత్తో దువ్వెన సరిగ్గా ఆడడం లేదు. చిక్కు పడ్డ చోటల్లా గట్టిగా లాగుతోంది, కావాలనే లాగుతోందేమో కూడా. లేడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి అనలేదు. తల కదపకుండా అలాగే కూర్చుంది.