రంగు అంటిన చేతులు

మద్రాసు పెరంబూరులో ఆ వీధి తెల్లవారేది రైలుపెట్టెల ఫ్యాక్టరీ కూతతో. వరదయ్య రిటైరై ఏళ్లు గడిచినా ఆ కూత వినగానే లేచి చొక్కా తొడుక్కునేవాడు. బొత్తాలు పెట్టుకున్నాక, పోవాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి, వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు తెరిచేవాడు. కొడుకు శ్రీకుమార్ అదే ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షనుకు సైకిలెక్కి పోయేవాడు. కూతురు భువనేశ్వరి వాషర్‌మెన్‌పేటలో తెలుగు బడికి పోయి, తమలో తాము అరవం మాట్లాడుకునే పిల్లలకి తెలుగు ఒత్తులు నేర్పి, సాయంత్రానికి ఇల్లు చేరేది. కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఆ నెల కొత్తగా మొదలైన కామిక్స్ ముందేసుకుని చాప మీద కూర్చునేది.

"తేనెపట్టు" అనే మాసపత్రికలో ఆమె కొత్త బొమ్మల కథల మీద సమీక్షలు రాసేది. పిల్లల పుస్తకాలకి సమీక్షలేమిటని నవ్వినవాళ్లున్నారు. ఆమె పట్టించుకోలేదు. విలన్ మొహం ఒక్కో పేజీలో ఒక్కో రకంగా ఉంటే రాసేది. మాటలెక్కువై బొమ్మ నలిగిపోతే రాసేది. ఎగిరే పోలీసు కథ మొదటి సంచిక వచ్చినప్పుడు, "ఇతనికి ఎగరడం వచ్చు. ఎక్కడికి ఎగరాలో మాత్రం కథ రాసినవారికి తెలిసినట్టు లేదు" అని రాసింది. ఆ రాసినాయనే ఫోను చేసి, నిజమేనమ్మా, నాకూ తెలియలేదు అన్నాడు.

ఆమెకి ఇంకొకటి కూడా ఉండేది. ఎక్కువకాలం బతకని సిరీస్ అయితే దాని రంగు ఆమె వేళ్లకి అంటేది. పట్టుకున్న చోట పేజీ తెల్లబడేది. హీరోది పసుపు అంగీ అయితే పసుపు, అడవి కథ అయితే ఆకుపచ్చ. సబ్బుకీ కిరసనాయిలుకీ వదిలేది కాదు. నెలకో రెండు నెలలకో దానంతటదే పోయేది, అప్పటికి ఆ సిరీసూ ఆగిపోయి ఉండేది. బతికే పుస్తకాన్ని ఎంతసేపు పట్టుకున్నా వేళ్లు శుభ్రంగానే ఉండేవి. వాళ్లమ్మ చెయ్యి పెడితే పెరుగు గడ్డలా తోడుకునేది, ఈమె చెయ్యి ఇట్లా, అనుకున్నారు ఇంట్లో. వీధిలోనూ అంతే అనుకున్నారు.

ఆ చేతుల్ని అందరికంటే ఎక్కువ నమ్మినవాడు కోటిలింగం. మద్రాసు నుంచి గూడూరు, నెల్లూరు దాకా స్టేషన్లలో ఉండే పుస్తకాల షాపులకి తెలుగు కామిక్స్ పంపేది ఆయనే. నెలకో ఆదివారం వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, "ఏదీ, చేతులు చూపించు టీచరమ్మా" అనేవాడు. రంగు కనిపిస్తే ఆ సిరీస్ ఆర్డరు సగానికి కోసేవాడు. ఆమె రాసిన సమీక్ష ఒక్కటీ ఆయన చదవలేదు.

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన ఏడు, రంగులు మరీ ఎక్కువయ్యాయి. మిద్దె నుంచి మిద్దెకి కేబుల్ తీగలు పాకాయి. సాయంత్రమైతే వీధిలో పిల్లల అరుపులు పోయి, ప్రతి ఇంట్లోంచీ ఒకే టీవీ పాట వినబడేది. భువనేశ్వరి ఏ కొత్త సిరీస్ పట్టుకున్నా ఏదో ఒక వేలు రంగు తేలేది. బోర్డు మీద ఆమె రాస్తూ ఉంటే పిల్లలు అక్షరాలకంటే వేళ్లనే ఎక్కువ చూసేవాళ్లు.

వాటిలో "ఇనుప ఈగ" అనే సిరీస్ ఆమెకి నిజంగా నచ్చింది. మనసారా మెచ్చుకుంటూ రాసింది. అయినా చూపుడువేలు నీలమైంది. కోటిలింగం ఆర్డరు కోశాడు, పబ్లిషరు మూడో సంచికతో చేతులెత్తేశాడు. కొన్నాళ్లకి వాషర్‌మెన్‌పేట బజారులో, ఆ బొమ్మలు వేసిన గోవిందసామి నిచ్చెన మీద నిలబడి చెప్పుల షాపుకి బోర్డు రాస్తూ కనిపించాడు. ఆమెని చూసి దిగొచ్చి దణ్ణం పెట్టాడు.

"మీరు రాసిన మాటలు మా ఇంటిదానికి చదివి వినిపించినానమ్మా. శానా సంతోషపడింది," అన్నాడు.

చేతుల ఊసు ఎత్తలేదు. ఆమే చేతుల్ని కొంగులో దాచుకుంది. రైల్లో ఇంటికి వస్తూ కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచించింది. పుస్తకం చస్తుందని రంగు అంటుతోందా, రంగు అంటిందని పుస్తకం చస్తోందా? పెరంబూరు వచ్చినా తేలలేదు.

శ్రీకుమార్ సిరీస్ అచ్చయింది ఆ వెంటనే. ఆఫీసు నుంచి వచ్చాక, సెలవుల్లో, పండగల్లో, ఏళ్ల తరబడి అతను వేసిన బొమ్మలు. పేరు "ఉప్పుకాలువ సరంగు". బకింగ్‌హాం కాలువలో ఇంకా పడవలు నడిచే రోజుల్లో, ఉప్పూ కట్టెలూ వేసుకుని మద్రాసుకి పడవ తోలే ఒక సరంగు కథ. సరంగు ఎవర్నీ కొట్టడు. నీళ్ల రంగు చూసి వాన చెబుతాడు, గట్టు మీద దారి తప్పినవాళ్లని ఎక్కించుకుని వాళ్ల ఊళ్లో దింపుతాడు.

శ్రీకుమార్ మొదటి సంచిక తెచ్చి, అక్క కూర్చునే చాప మీద పెట్టి, "చదువక్కా" అని మాత్రం అని, చూస్తూ నిలబడలేక సైకిలెక్కి ఎటో వెళ్లిపోయాడు.

భువనేశ్వరి పుస్తకాన్ని తాకలేదు. చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుంది.

"నైనా, ఇట్లా రా. ఈ పేజీలు తిప్పు," అంది.

వరదయ్య కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఎందుకని అడగలేదు. ఆయన తిప్పుతూ పోతే ఆమె మెడ సాచి చదివింది. మధ్యలో "ఉండు నైనా, ఇంకా కాలేదు" అంటే, "ఎంతసేపు చూస్తావమ్మా ఒక పడవని" అన్నాడు. అంటూనే తనూ ఆ పేజీ దగ్గరే ఆగిపోయాడు. వాన వెలిసిన కాలువ మీద, మునిగిన తాటిచెట్ల మధ్య, పడవ ఒంటరిగా ఉంది. ఒక్క మాట లేదు ఆ పేజీలో. వరదయ్య కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

బాగుంది. ఆమె చదివిన వాటిల్లోకెల్లా బాగుంది. టీవీ ముందు నుంచి లేవని పిల్లవాడు ఈ పుస్తకం కోసం లేస్తాడా అని ఆమె మనసులో ఎవరో అడుగుతూనే ఉన్నారు. "తేనెపట్టు"కి ఆమె ఇట్లా రాసింది: "ఈ సరంగు చేతిలో కత్తి లేదు. వీరుడు కాబోయే పిల్లలు దీన్ని దాటిపోవచ్చు. ఎప్పుడైనా నీళ్ల పక్కన ఊరికే కూర్చున్న పిల్లలు మాత్రం దీన్ని ఎవరికీ అరువివ్వరు."

పాత నీలం అప్పటికే పోయింది, ఆ నెల ఆమె ఇంకే కొత్త పుస్తకమూ పట్టుకోలేదు. ఆ ఆదివారం కోటిలింగం వచ్చాడు. ఆమె చేతులు పట్టుకుని వెలుగులోకి తిప్పాడు.

"ఏందమ్మా ఇది! ఒక్క చుక్క లేదే!"

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. వరదయ్య పేపరులోంచి తల ఎత్తలేదు.

"చూస్తివా తంబీ," అని శ్రీకుమార్ భుజం తట్టాడు కోటిలింగం. "ఎన్నాళ్లాయె ఈ చేతులు ఇంత తెల్లగా చూసి! ఎన్ని సంచికలు గీసి పెట్టినావో అన్నీ వరసగా అచ్చు వేయించు. ప్రతి స్టేషనులో నీ పడవే ఉండాల."

శ్రీకుమార్ అక్క చేతుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ వారంలోనే రైల్వే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. భోజనాల దగ్గర అతను ఆ మాట చెబితే భువనేశ్వరి ముద్ద కంచంలోనే వదిలేసింది. తాకలేదురా అని చెప్పడానికి నోరు తెరిచింది. తమ్ముడి మొహం చిన్నప్పటిలా వెలుగుతోంది. నోరు మూసుకుని మజ్జిగ వడ్డించింది.

సంచికలు ఒకదాని వెంట ఒకటి స్టేషన్లకి వెళ్లాయి. వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. వానలు ఆగిన ఒక మధ్యాహ్నం మూడు చక్రాల బండి వాకిట్లో ఆగింది. బండి పక్కనే నడుచుకుంటూ కోటిలింగం. కట్టలన్నీ ముందు గదిలో దించించాడు. కిటికీ సగం దాకా మూసుకుపోయింది.

"గూడూరులో కట్టు కూడా విప్పలేదు. పిలకాయలు వచ్చి, దీంట్లో ఫైటింగు ఉందా అని అడగతా ఉండారంట," అన్నాడు. కోపంగా అనలేదు. "నీ చేతులు తప్పడం ఇదే మొదలు టీచరమ్మా." తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, కాఫీ వద్దని వెళ్లిపోయాడు.

శ్రీకుమార్ కట్టల మధ్య కూర్చున్నాడు. అతన్ని ఇక రైల్వే వెనక్కి తీసుకోదని ఇంట్లో అందరికీ తెలుసు.

"తప్పింది చేతులు కాదురా," అంది భువనేశ్వరి గోడకి ఆనుకుని. "నేను దాన్ని తాకనేలేదు. నైన తిప్పినాడు పేజీలు."

"తెలుసక్కా. ఆ పొద్దే నైన చెప్పినాడు."

ఆమె వాకిలి వైపు చూసింది. వరదయ్య వీపు కనిపించింది, అంతే.

"తెలిసీ ఉద్యోగం ఎందుకురా వదిలినావు?"

"నీ చేతులు తెల్లగా ఉండె. ఎందుకు తెల్లగా ఉండాయో తెలుసు. అయినా చూస్తా ఉంటే నమ్మాలనిపించింది." ఒక కట్ట ఆమె వైపు జరిపి అన్నాడు, "ఇప్పుడు తాకు."

"వద్దురా."

"ఈ ఇంట్లో యాడ కూచున్నా ఆ సరంగు మొహమే కనబడతా ఉంది. పాత పేపర్లోడికి వేస్తే రేపు బజార్లో శెనక్కాయల పొట్లాం మీద కనబడతాడు. నా వల్ల కాదు. తాకక్కా, నీకు దణ్ణం పెడతా."

భువనేశ్వరి చాప పరిచి కూర్చుంది. శ్రీకుమార్ కట్టలు విప్పి ఒక్కో పుస్తకం ఆమె చేతికి అందించాడు, ఆమె పేజీ పేజీనీ అరచేత్తో నిమిరింది. ముందు కాలువ నీలం వచ్చింది, వేళ్ల చివరలకి. తర్వాత తాటాకుల పచ్చ అరచేతుల్లోకి దిగింది. పడవ చెక్క గోధుమరంగు, సాయంత్రాల నారింజ, సరంగు తలగుడ్డ ఎరుపు, అవుట్‌లైన్ల నలుపు, అన్నీ మణికట్టు దాటి మోచేతుల దాకా ఎక్కాయి. ఆమె వదిలిన పుస్తకాలు పాలలా తెల్లగా పక్కన పేరుకున్నాయి. మాటలు లేని ఆ వాన పేజీ ఎదురైనప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. శ్రీకుమార్ మూసుకోలేదు. ఒక్కో పేజీ తెల్లబడేదాకా చూసి, ఇంకోటి అందించాడు.

"ఒకటన్నా ఉంచుకోరా," అంది చివరి కట్ట దగ్గర.

అతను తల అడ్డంగా ఊపాడు.

పక్కింటి తాయారు మునక్కాయలు ఇవ్వడానికి వచ్చింది. భువనేశ్వరి చేతులు చూసి, తెల్లటి దొంతరలు చూసి, "ఇంత మంచి కాయితం ఊరికే పడుందే. రెండియ్యక్కా, మా పాప లెక్కలు చేసుకుంటాది," అంది. శ్రీకుమార్ లేచి రెండు కాదు, మోయగలిగినన్ని ఇచ్చాడు. ఆ సంగతి తెలిసి వీధి వీధంతా వచ్చింది. ఏళ్ల తరబడి అతను వేసిన బొమ్మల మీద పిల్లలు ఎక్కాలు రాసుకున్నారు, ఇంటావిడలు పాలవాడి పద్దు రాసుకున్నారు. శ్రీకుమార్ వాషర్‌మెన్‌పేటలో ప్లాస్టిక్ సంచుల మీద షాపుల పేర్లు అచ్చు వేసే చోట పనికి కుదిరాడు. పెన్సిలు పట్టలేదు. ఇంట్లో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

ఈసారి రంగు నెలకీ పోలేదు, ఏడాదికీ పోలేదు. పైగా ఆ చేతుల మీద ఇంకే రంగూ తెలియకుండా పోయింది. కొత్త సిరీస్ ఏది పట్టుకున్నా అంటిందో లేదో ఆమెకే కనబడేది కాదు. కోటిలింగం ఒక ఆదివారం వచ్చి, ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి, మెల్లగా ఆమె ఒడిలో పెట్టేశాడు. మళ్లీ రాలేదు. స్టేషన్లకి పరీక్షల గైడ్లు పంపుతున్నాడని తెలిసింది. "తేనెపట్టు" సమీక్షకి అర పేజీ మిగిల్చింది. బడిలో తెలుగు సెక్షన్లు రెండు కలిపి ఒకటి చేశారు, అందులోనూ బెంచీలు ఖాళీగానే ఉండేవి.

అట్లాంటి రోజుల్లో పురసవాక్కం నుంచి లక్ష్మీప్రియ అనే అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పగలు ఒక బట్టల షాపులో చీరలు మడతపెట్టే పని, మిగిలిన వేళ బొమ్మలు. ఒక సిరీస్ మొదలుపెట్టిందట. మొదటి సంచిక తనే జిరాక్సు తీసి కుట్టింది. రంగు లేదు, అంతా నలుపు తెలుపే. చీరల షాపులో రాత్రి తాళం వేశాక, అద్దాల వెనక చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మల మనుషులు ఆ చీరలు విప్పుకుని పారిపోవాలని చూసే కథ.

"మీ చేతులతో పట్టుకుంటే తెలిసిపోతుందని చెప్పినారు మేడమ్," అంది నిలబడే. "వద్దంటే ఇప్పుడే మానేస్తా. షాపులో నిలబడి నిలబడి కాళ్లు పోతా ఉండాయి. దీనికోసం నిద్ర కూడా ఎందుకు పోగొట్టుకోవాల?"

భువనేశ్వరి మోచేతుల దాకా చూపించింది. "ఈ చేతులు ఇంక ఏం చెప్పవమ్మా. చదివి చెప్తా. పైవారం రా."

"చదివితే తెలుస్తుందా?"

"బతుకుతుందో లేదో తెలీదు. బాగుందో లేదో తెలుస్తాది."

ఆ అమ్మాయి ఏమనుకుందో, పుస్తకం చాప మీద పెట్టి, మానేస్తాననకుండానే రైలు అందుకోవడానికి పరుగెత్తింది.

సాయంత్రం భువనేశ్వరి పుస్తకం తెరిచింది. గీత ఇంకా కుదురుకోలేదు. అక్కడక్కడా చేతులు పొట్టివయ్యాయి. మూడో పేజీలో ఒక బొమ్మ మనిషి తన మీద కట్టిన పట్టుచీరని తనే మొదటిసారి తాకి చూసుకుంటుంది. భువనేశ్వరి ఆ బొమ్మ దగ్గర ఆగింది. వేళ్ల వంక చూసుకోలేదు. చూసినా తెలిసేది ఏమీ లేదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. శ్రీకుమార్ ద్వారం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని గోళ్లలో సంచుల సిరా ఉంది.

"ఎట్లుందక్కా?" అన్నాడు.

"తెలీదురా," అంది ఆమె తల ఎత్తకుండా. "ఇంకా చదవతా ఉండా."

అతను లోపలికి వెళ్లలేదు. గడప మీద కూర్చున్నాడు. ఆమె పేజీ తిప్పింది.