హార్లన్ నింపిన అయిదు తూటాలు

మా అత్తవారిది నలభై అయిదు కోల్ట్ తూటాల ఇల్లు. నేను నలభై నాలుగు స్పెషల్ తూటాల మనిషిని. ఈ ఒక్క మాట చెబితే చాలు, మా ఇంట్లో ఎన్ని భోజనాలు వాదనల్లో చల్లారిపోయాయో మా లెమ్‌హై లోయలో ఎవరికైనా అర్థమైపోతుంది.

మేం తూటాలు కొనం, ఖాళీ ఇత్తడి గొట్టాల్లో తుపాకి మందు పోసి ఇంట్లోనే నింపుకుంటాం. మామగారు హార్లన్ స్ట్రౌడ్ లెక్కలో రివాల్వర్ తూటా అంటే ఒక్కటే. "పెద్ద గుండు, పెద్ద గొట్టం. మిగతావన్నీ పిల్లల ఆట" అంటారు. గుండు పెద్దదే, కాదనను. కానీ ఆ ఇత్తడి గొట్టాన్ని చేసింది గుప్పున పొగ కక్కే పాతకాలపు మందు కోసం. మామగారు వాడే ఇప్పటి మందు దాని అడుగున చిటికెడంత పడి ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా ఆ గొట్టం చప్పుడు చేయకుండా మింగేస్తుంది. అలాంటి తూటా కాలిస్తే తుపాకి చేతిలోనే బద్దలవుతుంది. నా నలభై నాలుగుది కాస్త ఇరుకు గొట్టం. పైగా నేను వాడేది ఉబ్బుగా ఉండే మందు. రెండోసారి పోస్తే బల్లంతా ఒలికి, నా తప్పు నాకు చూపిస్తుంది. దెబ్బలో రెండూ ఇంచుమించు ఒకటే. దుప్పికి తేడా తెలియదు. నాకు తెలుసు, వేళ్లు నావి కాబట్టి.

పోయిన చలికాలం నా భర్త డెల్ ట్రక్కు మంచు మీద జారి నదిలో పడి, అతను చనిపోయాడు. అతని రివాల్వర్‌ని మామగారు తన బీరువాలో పెట్టి తాళం వేశారు. డెల్ చెయ్యి తగిలి తగిలి అరిగిన ఆ చెక్క పిడి కోసం ఏడాదిగా నా ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ స్ట్రౌడ్ల ఇంట్లో తుపాకి చేతులు మారడానికి ఒక పద్ధతి ఉంది. ఇంటిపెద్ద స్వయంగా నింపిన అయిదు తూటాలను, తుపాకి తీసుకునేవాళ్లు వేట విడిదిలో అందరి ముందూ కాల్చాలి. కాల్చకపోతే తుపాకి తిరిగి బీరువాలోకే.

నవంబరులో, విడిదిలో బేకనూ గుడ్లూ తిన్నాక, మామగారు తుపాకినీ అయిదు తూటాలనూ నా ముందు పెట్టారు.

"కాల్చమ్మా లోరీన్. ఇక నీదే."

"తుపాకి తీసుకుంటాను మామయ్యా. దీనికి సరిపోయే తూటాలు నేనే నింపి తెచ్చుకున్నాను. వేరేవాళ్లు నింపినవి కాల్చను."

మరిది వేడ్ కాఫీ కప్పు దించి నవ్వాడు. "వదినకి మనింటి తిండి పడుతుంది గానీ తూటా పడదు."

"తిండి తేడా చేస్తే కడుపునొప్పితో పోతుంది వేడ్. ఇది తేడా చేస్తే చెయ్యే పోతుంది."

"యాభై ఏళ్లుగా నింపుతున్నాను. ఎవడి చెయ్యైనా పోయిందా?" మామగారి గొంతు గట్టిపడింది.

"పోలేదు. అయినా కాల్చను."

"డెల్ కాల్చాడు."

"డెల్ మీరేం చెప్పినా కళ్లు మూసుకుని చేసేవాడు. నేను పెళ్లాడింది డెల్‌ని, మీ పద్ధతుల్ని కాదు."

నాకు ఒళ్లు మండిపోతోంది. అయిదుసార్లు ట్రిగ్గర్ నొక్కితే గొడవే లేదు. కానీ మొగుడి గుర్తు దక్కడానికి నా బుద్ధిని తాకట్టు పెట్టాలంటే, అది నా వల్ల కాదు.

"అయితే ఇది బీరువాలోకి పోతుంది" అన్నారు మామగారు.

"పోనివ్వండి. వచ్చే ఏడాదీ ఇదే చెబుతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ అయిదు తూటాలనూ తనే తుపాకిలో వేసుకుని, పైన్ చెట్టుకి వేలాడే పాత పెనానికి గురిపెట్టారు. "చూస్తూ ఉండు" అన్నారు.

నేను మెల్లగా అడిగాను. "మామయ్యా, ఇవి నింపేటప్పుడు అత్తయ్య ఎన్నిసార్లు పిలిచింది?"

అత్తయ్య వేసవి నుంచీ మంచం మీదే ఉంది. పిలిచినప్పుడల్లా ఆయన చేతిలో పని వదిలేసి మెట్లెక్కుతారు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

"తిరిగొచ్చాక గొట్టంలోకి లైటు వేసి చూశారా, మళ్లీ పోసేముందు?"

తుపాకి అలాగే ఎత్తి ఉంది. పేలలేదు.

"చూసే ఉంటాను" అన్నారు. కాసేపటికి చెయ్యి కిందికి దిగింది. "గుర్తు లేదమ్మా."

తూటాలను ఒక్కొక్కటే బయటికి నెట్టి, ఖాళీ తుపాకి నా చేతిలో పెట్టారు. ఆయన్ని చూస్తే జాలేసింది. అడిగినందుకు మాత్రం విచారం లేదు.

"వేడ్" అన్నారాయన, తల తిప్పకుండా. "నీ బెల్టులో ఉన్నవీ ఈ అయిదూ నింపిన వారంలోనే నేను నింపినవి."

వేడ్ నవ్వు మాయమైంది. బెల్టు విప్పి, తూటాలన్నీ జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. తండ్రి ముఖం చూడలేక నా వంక చూశాడు.

"వదినా, నీ దగ్గర ఇంకా ఉన్నాయా? నాకు కొన్ని ఇస్తావా?"

"ఉన్నాయి. ఇవ్వను. మా ఇంటికి వచ్చి నా బల్ల ముందు కూర్చో. నీవి నువ్వే నింపుకో."